పొడుగు చేతుల జాకెట్టు

మావారు కిరందుల్ ఇనుప గనిలో పనిచేసే రోజులవి. నా వేళ్లు వాచిపోయి గరిటె కూడా పట్టలేకపోయేదాన్ని. ఏ డాక్టరుకైనా వేళ్లే చూపించేదాన్ని. మోచేతుల మీద పొలుసులు రాలే మచ్చల్ని మాత్రం, పేరంటాలకు పిలవరన్న భయంతో పొడుగు చేతుల జాకెట్టులో దాచేదాన్ని. అవి గని ఎర్రదుమ్ము పడక వచ్చాయి, కీళ్లకేం సంబంధం అనుకున్నాను.

ఒకరోజు కొత్త డాక్టరమ్మ, "ఇంత ఎండలో ఈ జాకెట్టేంటమ్మా? చేతులు పైకి మడవండి" అంది. సిగ్గుతో చచ్చిపోతూ మడిచాను.

ఆవిడ కుర్చీలోంచి లేచింది. "సోరియాసిస్! మచ్చలూ, కీళ్లవాపూ ఒకటే జబ్బమ్మా. ఇన్నాళ్లూ సగమే చెప్పారు!"

మందు మారింది. ఆర్నెల్ల తర్వాత పొట్టి చేతుల జాకెట్టు వేసుకుని, ఆవిడకి ఆవకాయ జాడీ తీసుకెళ్లాను. మూతికి కట్టిన గుడ్డ ముడి ఆవిడకి ఎంతకీ ఊడి రాలేదు. నేనే విప్పాను. అంత గట్టిగా బిగించిందీ ఈ వేళ్లే మరి!