నీడ లేని మధ్యాహ్నం, కరుణమ్మగారి తాడు

నేను విజయవాడలో ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతాను. ఇంట్లో వాడే నీళ్లు పిల్లలతోనే కొలిపించే పాఠం ఒకటి తయారు చేస్తూ, నందిగామలో టీచరుగా ఉన్న నా బీఎడ్ స్నేహితురాలు సువార్తకు ఫోన్ చేశాను. "పాఠం సంగతి తర్వాత. మా అమ్మ బావి మూసేస్తానంటోంది, నువ్వొచ్చి లెక్క చూసి పో" అంది. జగ్గయ్యపేట అవతల, వాళ్లమ్మ కరుణమ్మగారి బావి మీద పదకొండు ఇళ్లు బతుకుతున్నాయి. ఏటా మే నెలలో, సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికొచ్చి నీడ మాయమయ్యే మధ్యాహ్నం, ఆవిడ బావిలోకి తాడు దింపి నీళ్లెంత తగ్గాయో చూస్తారు. నిరుటి కంటే మూడు జానలకు మించి తగ్గితే బండ కప్పేస్తానని ఈసారి వీధిలో అందరికీ చెప్పేశారట. అడుగున మిగిలే కాసిని నీళ్ల కోసం వంగి వంగి ఎవరో ఒకరు పడిపోతారని ఆవిడ భయం. నిరుడు ఒక మేక పడింది.

ఉదయం ఏడింటికి బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే నాకు టికెట్ సున్నా. మగవాళ్లయితే నూటయాభై దగ్గర పెట్టుకోండి, చిల్లర మిగులుతుంది. పరిటాల దగ్గర ఎత్తైన ఆంజనేయస్వామి విగ్రహం నీడ పొలంలోకి పొడుగ్గా పడి ఉంది. ఇంకో ఐదు గంటల్లో అది కాళ్లకిందికి చేరిపోతుందని లెక్కేసుకున్నాను. కంచికచర్లలో బస్సు చాలాసేపు ఆగింది. నందిగామలో సువార్త ఎక్కింది. జగ్గయ్యపేటలో దిగి ఇడ్లీ తినేసరికి తొమ్మిదిన్నర. అక్కణ్నుంచి ముక్త్యాల రోడ్డులో షేర్ ఆటో, మనిషికి ముప్ఫై. సిమెంటు లారీల వెనక దుమ్ములో వెళ్లాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

"కరుణమ్మగారి బావికా అండి?" అన్నాడు ఆటో అతను. "ఇయ్యాళ లోపలికి వంగి చూడమాకండి. నీడ లేని మనిషి కనపడితే బావి తనదనుకుంటది అంటారు."

"నువ్వు చూశావా?" అన్నాను.

"నేనెందుకు చూస్తానండి, నాకు ఇద్దరు పిల్లలు."

నవ్వాను గానీ, ఆ మాట నాతోపాటే ఆటో దిగింది.

బావి చుట్టూ జనం అప్పటికే ఖాళీ బిందెలతో నిలబడి ఉన్నారు. తాడు దిగేదాకా ఆ రోజు ఎవరూ నీళ్లు తోడరు, గట్టిగా మాట్లాడరు. కరుణమ్మగారు సన్నగా, పొడుగ్గా, ఎవరి మాటా వినని మనిషిలా ఉన్నారు. ఆవిడ చేతిలోని తాడు చివర రాయి, తాడు మీద అక్కడక్కడా రంగురంగుల గుడ్డపీలికలు. రాయి నీళ్లను తాకగానే, బావి అంచు దగ్గర తాడుకు ఆ ఏడు చిరిగిన చీరలోంచి ఒక పీలిక కడతారు. పీలికకీ పీలికకీ మధ్య దూరమే ఆ ఏడు తగ్గిన నీళ్లు. మొదట్లో దూరం జానెడే. చివరి రెండేళ్లూ రెండేసి జానలు.

పన్నెండు దాటి ఆరు నిమిషాలైంది. బిందెల నీడలు, మనుషుల నీడలు అన్నీ వాటి కిందికే దూరిపోయాయి. బావి గోడగా పేర్చిన సిమెంటు వరలు ఒకదాని కింద ఒకటి వెలుగుతూ పోయి, అడుగున నీళ్లు తెల్లగా మెరిశాయి. ఏడాదిలో ఎండ అక్కడిదాకా వెళ్లేది ఇలాంటి ఒకట్రెండు రోజులే. వంగి చూశాను. పైన నిలబడ్డ మా తలలన్నీ కింద నల్లగా, ముఖాల్లేకుండా, మమ్మల్నే చూస్తున్నాయి. నిజంగా భయమేసింది. ఎంతమందిమో లెక్కపెట్టబోయి మానేశాను. లెక్క సరిపోకపోతే ఏం చేస్తాను?

రాయి తాకింది. కరుణమ్మగారు పీలిక కట్టి, జానతో కొలిచారు. నాలుగు.

"బండ తీసుకురండి" అన్నారు. ఒక ముసలాయన చేతిలో బిందె జారి మోగింది. బావి కాసేపటికి అదే మోత తిరిగిచ్చింది.

నా చెయ్యి బావి అంచు మీదే ఉంది. నున్నగా ఉంది. ఏళ్ల తరబడి తాడు రాసుకున్న అంచు నున్నగా ఎలా ఉంటుంది? తడిమితే గాట్లన్నీ రెండో వర మీద ఉన్నాయి.

"పెద్దమ్మా, ఈ పై వర ఎప్పుడు వేశారు?"

"మొన్న సంక్రాంతి తర్వాతమ్మా. సిమెంటు రోడ్డేసి వీధి ఎత్తు చేశారుగా, మురుగు లోపలికి పోతందని ఏయించా."

"దాని ఎత్తు కొలవండి."

రెండు జానలు. కొత్త అంచు నుంచి కొలిచి ఆ ఎత్తునీ నీళ్ల మీదికి తోసేశారు. నాలుగులోంచి రెండు పోతే రెండు. నిరుటి మాదిరే. బండకోసం వెళ్లినవాళ్లు ఆగిపోయారు. నేను గొప్పగా నవ్వబోయాను.

"మరి అడుక్కి ఎంతుందో అది కూడా చూడు" అన్నారావిడ, తాడు ఇంకా వదులుతూ. రాయి అడుగు తాకేసరికి ఆరు జానలు. ఏటా రెండు చొప్పున పోతే ఇంక మూడేళ్లే.

ఒక జాన లోతుకు పద్దెనిమిది బిందెలు. పదకొండు ఇళ్లకి ఇంటికి ఆరు చొప్పున రోజుకు అరవైఆరు. ఊట రాత్రికి రాత్రి నింపకపోతే ఒక్కరోజులో సగానికి పైగా ఖాళీ. నాలుగు బిందెలకు దిగితే నలభైనాలుగు. అక్కడే నేలమీద సుద్దతో వేసి చూపించాను. "నాలుగే" అన్నారు కరుణమ్మగారు, "స్నానాల నీళ్లు గుంటల్లోకి ఇంకాల. బండ వద్దులే."

తర్వాత పాత చీర తెచ్చి మూడు పీలికలు చింపి పక్కన పెట్టుకున్నారు. మిగతా చీర మడిచి నా చేతిలో పెట్టారు. "నీ లెక్క తప్పయి మూడేళ్ల తర్వాతా నీళ్లుంటే ఇది కావాల్సొస్తది. అప్పుడు తెచ్చియ్యమ్మా."

నాలుగింటి ఆటోకి తిరిగొచ్చాం. పరిటాల దగ్గర నీడ ఈసారి అటువైపు పడింది. నీళ్లు తగ్గుతున్నాయని పేపర్లో చదువుతూనే ఉంటాను. ఎవరి చీరతోనో, ఎవరి జానతోనో కొలిచినప్పుడు మాత్రం నిద్ర పట్టలేదు. వానలు బాగా పడవచ్చు, పడకపోవచ్చు, ఆ అంకె నా దగ్గర లేదు. మీరూ మీ బావి కొలవాలనుకుంటే ఒక్కటి గుర్తుంచుకోండి: ఎప్పటికీ మారని పాత వర మీద రంగుతో గీత గీసి, ఏటా అక్కణ్నుంచే కొలవండి. ఆ చీర ముక్క నా బీరువాలో ఉంది. ఇరవై ఏళ్లుగా పిల్లల తప్పులు దిద్దుతున్నాను, నా లెక్క తప్పు కావాలని కోరుకోవడం ఇదే మొదలు.