ఆరుమూలల బొంత

అరవైల్లో మా వరంగల్‌లో బొంత అంటే పాత చీరలు పొరలుగా పరిచి, వరసగా కుట్టుకుంటూ పోవడమే. ఆరుమూలల ముక్కల బొంత మా వాడలో అమ్మ ఒక్కతే కుట్టేది. తమ్ముడు పుట్టినప్పుడు దవాఖానలో ఒక నర్సమ్మ నేర్పిందట. కాగితాన్ని ఆరు మూలలుగా కత్తిరించి, దాని మీద గుడ్డ మడిచి కచ్చాకుట్టు వేసేది. ముక్కలను అంచుకు అంచు కలిపి కుట్టేది. బొంత పూర్తయ్యాకే కాగితాలు లాగేసేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక, నాన్న బట్టల దుకాణంలో మిగిలిన పీలికలు ముందేసుకుని కూచుంటే పిలిచినా పలికేది కాదు. రోజంతా కుట్టినా జానెడు పెరగదు.

"ఎవ్వలు తరుముతాండ్రు నన్ను?" అని నవ్వేది. నాకేమో ఒళ్లు మండేది. అసలే ఓపిక తక్కువ దాన్ని.

కాగితం గట్టిగా ఉండాలి. పెళ్లి కార్డులంటే అమ్మకు ప్రాణం. ఇంటికొచ్చినవన్నీ ట్రంకుపెట్టెలో దాచేది. మడత పడకూడదని నా మెట్రిక్ సర్టిఫికెట్‌ను సరిగ్గా ఆ కార్డుల మధ్యే పెట్టాను. అమ్మకు చదువు రాదని తెలిసీ పెట్టాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

టీచర్ ట్రైనింగులో చేరడానికి మర్నాడే ఆఖరు రోజు. నాన్న అతికష్టం మీద ఒప్పుకున్నాడు. వచ్చే ఏటికి ఆయన మనసు ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? సర్టిఫికెట్ కోసం పెట్టె తీస్తే లేదు. అమ్మ ఒళ్లోని బొంత వెనక్కి తిప్పాను. ముక్కల్లోంచి నా మార్కులు కనిపించాయి.

నోటికొచ్చినట్టు తిట్టాను. అమ్మ అంతా విన్నది.

"గట్టిగున్నదని కోసిన బిడ్డా. నాకేమెరుక?" అన్నది.

అమ్మే బ్లేడు తెచ్చింది. ఇద్దరం కూచుని నాలుగు నెలల కుట్లు విప్పాం. ముక్కలు నేల మీద పేర్చి చూస్తే మధ్యమధ్య ఖాళీలున్నాయి.

"కోసినంక మిగిలినయేవి?" అన్నాను.

"పొయ్యిల ఏసిన."

నాన్న మిగిలిన ముక్కలను అన్నం మెతుకులతో అట్టకు అతికించాడు. మర్నాడు ట్రైనింగు స్కూల్లో గుమాస్తా ఆ అట్టను అటూఇటూ తిప్పి నా ముందుకే తోశాడు.

"ఇది చెల్లదమ్మా, నకలు తెచ్చుకో" అన్నాడు.

నకలు హైదరాబాదు నుంచి రావాలి. నెలలు పడుతుంది. నాన్న బతిమాలాడు, నేను ఏడ్చాను. గుమాస్తా మాత్రం ఏం చేస్తాడు? సీటు పోయింది. ఎవరిని తిట్టాలో కూడా తెలియలేదు.

ఇంటికొచ్చి అట్టను ఓ మూల పడేశాను. అమ్మ దాన్ని తీసుకొచ్చి నా పక్కన కూచుంది.

"నీ పేరు యాడున్నదో జర చూపియ్యి బిడ్డా. ఎట్లుంటదో ఎరికైతే మల్ల కొయ్య."

వెతికాను. పేరులో మొదటి రెండు అక్షరాలే మిగిలాయి. అమ్మ వేలు పట్టుకుని వాటి మీద పెట్టాను.

"గింతేనా నీ పేరు?" అంది.

"గింతేనమ్మా" అన్నాను.