మొగుడు రావాలన్నారు

మా నాన్నగారి కిరాణా కొట్టు అరుగు మీద పొద్దున్నే పేపరు పైకి చదవడం ఆనవాయితీ. చదివేది నాన్నగారు, తీర్పులు చెప్పేది బజారు పెద్దలు. ఎమర్జెన్సీ ఎత్తేసిన కొత్తల్లో ఒకరోజు గర్భస్రావాల చట్టం మీద ఏదో వ్యాసం పడింది. చట్టం వచ్చి అప్పటికే కొన్నేళ్ళయినా మా అరుగు దాకా అది ఆ రోజే వచ్చింది. రిటైరైన మేష్టారు అది శిశుహత్యేనని తేల్చేశారు. జనాభా ఇలా పెరిగితే గింజ మిగలదన్నాడు ధాన్యం వ్యాపారి. ఇంకొకాయన ఆడవాళ్ళు చెడిపోతారని బెంగపెట్టుకున్నాడు. తనదాకా వస్తేగానీ తెలియదంటారు. వాళ్ళదాకా అది ఎన్నటికీ రాదు గనక గొంతులు బజారు చివరిదాకా వినబడ్డాయి.

ఎదురుగా సైకిల్ షాపు పక్కన నిలబడి ఒకావిడ అంతా వింది. చేపలమ్ముకునే మనిషి. మేం కోమట్లం, నీచు ముట్టం. అందుకని గంప అక్కడే దించి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, ఉప్పూ చింతపండూ కొనుక్కోవడానికి వచ్చేది. నా జడ చూసి, "ఇది జడాండీ పాపగారూ, పడవ మోకాండీ?" అని ఆటపట్టించేది. ఆవిడంటే నాకు ప్రాణం. ఆ రోజు మాత్రం నా వైపు చూడనే లేదు.

పెద్దలు లేచి వెళ్ళాక నాన్నగారి దగ్గరకి వచ్చింది.

"శెట్టిగారండీ, కడుపు తీయించుకుంటే పోలీసోళ్ళు పట్టుకోరాండి?"

"పట్టుకోరమ్మా. గవర్నమెంటు ఆసుపత్రిలోనే చేస్తారు. ఏం?"

కిందటి కాన్పులో ఆవిడ చచ్చి బతికిందట. మళ్ళీ కడుపొస్తే ప్రాణం దక్కదని కాకినాడ ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పిందట. ఇప్పుడు మూడో నెల. చెబుతున్నంతసేపూ కొంగు నోటికి అడ్డం పెట్టుకునే ఉంది.

"అయితే మీ ఆయన్ని తీసుకెళ్ళు. మొగుడొచ్చి ఒప్పుకుంటేగానీ చెయ్యరు," అన్నారు నాన్నగారు.

"ఆయన పారాదీపు బోట్ల మీద వేటకెల్లాడండి."

"వచ్చేదాకా ఆగు మరి."

నాన్నగారు కావాలని అబద్ధం చెప్పలేదు. మా అమ్మకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసినప్పుడు ఆయన్ని పిలిచి సంతకం పెట్టించుకున్నారు. ఇదీ అంతే అనుకున్నారు. ఎవర్నైనా అడిగి తెలుసుకుందామని తోచలేదు. బజారులో ఆయన మాట వేదవాక్కు. ఆవిడా అలాగే నమ్మింది.

ఆగింది. ఒరిస్సాలోని పారాదీపు రేవుకి వెళ్ళేవాళ్ళతో కబురు పంపింది గానీ, సముద్రం మీదున్న మనిషికి కబురెలా అందుతుంది? గంప ఎత్తుకోలేని స్థితి వచ్చాక అత్తగారే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. తిరిగొచ్చి ఆ ముసలమ్మ కొట్టు ముందు కూలబడి మా అమ్మతో చెప్పింది.

"మొగుడితో పనేంటి, నువ్వు ఒప్పుకుంటే చాలు గదా అందండి నర్సమ్మ. అప్పుడే రావాల్సింది, ఇప్పుడు నెలలు దాటిపోయాయి, చెయ్యలేం అనేసిందండి."

అమ్మ నాన్నగారి వైపు చూసింది. ఆయన తూస్తున్న పంచదార మీంచి కళ్ళెత్తలేదు.

కాన్పులో ఆవిడ పోయింది. బిడ్డా దక్కలేదు. నాకు అన్నం సయించలేదు, పుస్తకం పట్టుకుంటే అక్షరాలు కనబడలేదు. అరుగు మీద పేపరు చదవడం మాత్రం ఒక్కపూటైనా ఆగలేదు. ఆ గొంతులు వింటుంటే ఒళ్ళు మండిపోయేది. ఏడుపూ వచ్చేది.

వేట ముగిశాక ఆవిడ భర్త వచ్చాడు. ఎండకి మాడి, ఉప్పుగాలికి పెదాలు పగిలిన మనిషి. పోట్లాటకే వచ్చాడనుకుని మా అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అతను మెట్టు కూడా ఎక్కలేదు. తువ్వాలు చేతుల్లో నలుపుకుంటూ, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"నన్నడగాలని ఆగిందంట గదండి శెట్టిగారూ. నేనొద్దంటానాండి?"