వీపు చూడమన్న సిస్టరమ్మ

పక్షవాతంతో మంచాన పడిన అమ్మను చూసుకోడానికి ఏజెన్సీ పంపిన ఇద్దరు ఆయాలూ నెల తిరక్కుండా మానేశారు. దిక్కు తోచక, శ్రీకాకుళం ఆస్పత్రిలో అమ్మను చూసిన వార్డు సిస్టరమ్మ దగ్గరకెళ్లి ఏడ్చాను. ఎవరొచ్చినా ఆమె ముందు అడిగే మాట ఒకటే.

"ఈపు సూసినావేటమ్మా?"

నేను చూడలేదు. ఇంటికొచ్చి చూస్తే అరచేయంత పుండు.

ఆదివారం ఆమె బస్సెక్కి నరసన్నపేటలో మా ఇంటికి వచ్చింది. ఆయా పని అడగడానికొచ్చిన ముగ్గురినీ అమ్మను పక్కకు తిప్పమంది. ఇద్దరు చెయ్యి పట్టి లాగారు. మూడో ఆవిడ ముందు "తిప్పుతన్నానమ్మా, బయపడకు" అని అమ్మకు చెప్పి, తర్వాతే ముట్టుకుంది.

"సర్టిఫికెట్లు తరవాత సూద్దువు. ఈవిడినే ఉంచుకో" అంది సిస్టరమ్మ.

పుండు మానకముందే అమ్మ పోయింది. సిస్టరమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"అమ్మని సూసుకున్నావిడిని ఎచ్చెర్ల పంపుతావేటి? అక్కడొకాయన మూడు నెల్లుగా ఒక్క పక్కనే పడున్నాడు" అంది.