ముక్కు మావయ్య చెప్పిన గాలి

ఎరువుల ఫ్యాక్టరీలో ఆయన ముప్పై ఏళ్లు చేసిన పని ఒక్కటే: గొట్టాల వెంట నడుస్తూ గ్యాసు ఎక్కడ కారుతోందో వాసన పట్టడం. మీటరు మోగేలోపే ఆయన తుమ్మేవాడు. అందుకే అందరికీ ముక్కు మావయ్య అయ్యాడు. పేరు పెట్టి పిలిచే నాథుడే లేడు.

రిటైరైనా ముక్కుకి మాత్రం సెలవు దొరకలేదు. ఫ్యాక్టరీ గోడ వెనకే వాళ్ల వీధి. పొద్దున్నే ఆయన గుమ్మంలో నిలబడి గాలి పీల్చి చెప్పేదాకా ఏ ఇంట్లోనూ కిటికీ తెరుచుకునేది కాదు, ఒక్క బట్ట తీగ మీదకెక్కేది కాదు. కంపెనీ బోర్డు మీద ఎప్పుడు చూసినా 'అంతా క్షేమం' అనే ఉండేది మరి! దాన్నెవరు నమ్ముతారు?

అలాంటి ముక్కు ఓ చలికాలం చెప్పాపెట్టకుండా పోయింది. వంటింట్లో పాలు మాడిపోతుంటే పక్కగదిలో తాపీగా పేపరు చదువుకుంటున్నాడు. భార్య పెరట్లోంచి పరుగున వచ్చి గిన్నె దించింది. ఏమీ అనలేదు. ఆయనా నోరు మెదపలేదు. ముప్పై ఏళ్ల పేరాయె, నలుగురిలో ఏమని చెప్పుకుంటాడు? చిమ్నీ పొగ ఎటు పోతోందో చూసి, తోచింది చెప్పేవాడు. ఖర్మకాలి అదే నిజమయ్యేది.

భార్యకి ఉబ్బసం. ఘాటు సోకితే ఊపిరి అందదు. ఆ సంగతి తెలియనివాడా అంటే, కాదు. అక్కడే నాకు ఒళ్లు మండుతుంది.

ఏడాది తిరిగింది. ఆ ఉదయం మంచు దట్టంగా ఉంది, పొగ కనబడలేదు.

"మావయ్యా, తెరవొచ్చా?" ఎదురింటి కోడలు కేకేసింది.

ఆయన ఛాతీ నిండా పీల్చాడు. "నిక్షేపంగా తెరుచుకోండమ్మా!"

భార్య కిటికీ దగ్గర క్షణం ఆగి ఆయన వంక చూసింది. తర్వాత గడియ తీసింది.

మంచుతో పాటే గ్యాసూ లోపలికి వచ్చింది. మిగతా ఇళ్లలో దగ్గులతో సరిపోయింది. ఆమెని ఆస్పత్రికి తీసుకెళ్లారు. మూడో రోజున పోయింది.

వారం తర్వాత కూతురు తల్లి బట్టలు మడతపెడుతుంటే ఆయన ఇక ఆపుకోలేకపోయాడు. "నాకు వాసన తెలీదమ్మా. ఏడాదైంది. మీ అమ్మని నేనే చంపుకున్నాను."

కూతురు తలెత్తలేదు. "అమ్మకి తెలుసు నాన్నా. పాలు మాడిన రోజునుంచీ తెలుసు. ఆస్పత్రిలో చెప్పింది."

"మరి తెలిసీ ఎందుకు తెరిచింది?"

"రోజూ సరిగ్గానే చెబుతున్నారుగా, ఇవాళా అంతేలే అనుకుందట. పైగా, వీధంతా చూస్తుంటే నేనే మూసుకు కూర్చుంటే ఆయన పరువేం కావాలి, అంది."

ఆయన గోడకి చేరగిలబడి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ రోజు ఆయన చెప్పాకే గ్యాసు కారిందనుకుందేమో, మర్నాడు ఎదురింటి కోడలు మామూలుగానే గుమ్మంలోకి వచ్చింది. "మావయ్యా, తెరవొచ్చా?"

"నన్నడక్కమ్మా. నాకు వాసన తెలీదు."

ఇంతే మాట. ఇంత చిన్న మాట ఆయన నోట రావడానికి భార్య పోవలసివచ్చింది.