కుల్యాష్ ఆపా నాటిన గింజ

కుల్యాష్ ఆపా, అంటే మా కుల్యాష్ అవ్వ, గడ్డిమైదానంలో గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టింది. అల్మాటీ నగరం పైకొండల్లోని ఆపిల్ తోటకు కోడలిగా వచ్చింది. ఆ తోటమాలులకు పెద్ద ఆమె భర్త సైసెన్ తాతే. అక్కడి అపోర్ట్ రకం ఆపిల్ కాయ పసిబిడ్డ తలంత ఉండేది. ఇప్పుడు వాళ్లిద్దరూ మా కింది వాటాలో ఉంటారు.

తాత పక్షవాతంతో ఆసుపత్రిలో ఉండగా తోటను బంగళాలు కట్టేవాళ్లు కొన్నారు. చెట్లు నరికే ముందు పాత పనివాళ్లంతా కాలువ పక్క చెట్టు కింద కడసారి విందు చేసుకున్నారు. మా దగ్గర విందు నుంచి ఎవరూ ఒట్టి చేతులతో రారు. మిగిలినదాంట్లో కొంత మూటగట్టుకుని వస్తారు. అందులోంచి మెతుకు కూడా పారేయకూడదు. ఆపా మూటలో గుర్రపు మాంసం, వేయించిన పిండి ఉండలు, ఆ చెట్టుదే ఒక ఆపిల్ ఉన్నాయి. తాతకు అప్పుడు గుటక పడటం లేదు. కాయను తనే తిని, పారేయలేక గింజలు దాచింది. చలికాలమంతా తడి ఇసుకలో ఉంచి, వసంతంలో పాతింది. ఒక్కటే మొలిచింది. మోకాలెత్తు అయ్యాక దాన్ని మా మేడ వాకిట్లో, కార్లు ఆపే చోటు పక్కన నాటింది.

తాత ప్రాణం నిలిచింది గానీ మంచం దిగలేదు. బజారు కాయ నోట్లో పెడితే ఉమ్మేసేవాడు.

"ఇది వట్టి మైనం! నా కాయ ఏదే?"

"వస్తుందయ్యా, చెట్టు ఎదుగుతోంది."

ఆ మాట వినలేక ఒకరోజు చెప్పేశాను. "ఆపా, గింజ నాటితే తల్లిచెట్టు కాయ రాదు. తోట ఉండగానే కొమ్మ కోసుకొచ్చి అంటు కట్టాల్సింది."

"పోరా తలప్! మంచి గొర్రెకు మంచి పిల్లే పుడుతుంది. మా నాన్న తల్లిని చూసే పిల్లను కొనేవాడు."

"ఇది గొర్రె కాదు ఆపా. పుస్తకంలో ఉంది."

"అన్ని పుస్తకాలు చదివీ బజారులో మూటలే కదరా మోస్తున్నావు!"

ఏటా మంచు పడే ముందు ఆపా, తాత పాత కంబళి బూట్లు కోసి మొక్క మొదలుకు చుట్టేది. కారు తగిలించినవాడి ఏడు తరాలనూ తిట్టేది. నేనూ నీళ్లు మోశాను.

ఏళ్లు గడిచాక పోయిన శరత్తులో కాసింది. గోళీకాయ కంటే కాస్త పెద్దవి, పచ్చగా ఉన్నాయి. ఆపా వాటిని చాలాసేపు చూసింది. "తొలి కాపు కదా, చిన్నగానే ఉంటాయి," అంది. నేను తల ఊపాను. ఒకటి సన్నగా తరిగి తాత నోట్లో పెట్టింది.

తాత మొహం ముడుచుకుంది. అయినా ఉమ్మలేదు. మెల్లగా నమిలాడు.

"ఇది అడవిది. కొండమీద ఎలుగుబంట్లు తినేది." ఆయన గొంతులో ఎన్నేళ్లుగానో లేని హుషారు వచ్చింది. "మొదలు గట్టిదే. వసంతంలో నరికి మన కొమ్మ అంటు కడదాం. కాలువ పక్క చెట్టు కొమ్మ కోసి పెట్టావుగా?"

ఆపా నా వైపు చూసింది. ఆ చెట్టు ఉన్నచోట ఇప్పుడు ఎవరిదో నీలం కప్పు ఇల్లు ఉంది.

"పెట్టాను," అంది.

"నేలమాళిగలోనేనా? తడి రంపపు పొట్టులో?"

"అందులోనే."

మాది మూడో అంతస్తు, వాళ్లది రెండోది. నేలమాళిగ ఉన్నది తోటలోని పాత ఇంట్లో; తాత మనసు ఇంకా అక్కడే ఉంది. తాత ఇప్పుడు పొద్దున్నే అడుగుతున్నాడు, కొమ్మ ఎండలేదు కదా అని. ఆపా లేచి వంటింట్లోకి వెళ్లి, కాసేపు అక్కడ నిలబడి, తిరిగొచ్చి చెబుతుంది.

"పచ్చగానే ఉందయ్యా."

మంచు కరగడం మొదలైంది. తాత అంటు కట్టే కత్తి అడుగుతున్నాడు.