అమ్మమ్మ ఆపిన చుక్కల మందు

మొన్న ఇక్కడ కెనడాలో, కిచెనర్‌లోని ఇండియన్ స్టోర్‌కి వెళితే, బియ్యం బస్తాల పక్కనున్న సాంబ్రాణి పొట్లం వాసన ఒక్కసారిగా నన్ను తమ్ముడు పుట్టిన చలికాలానికి లాక్కుపోయింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. అమ్మ కాన్పు కోసం జగిత్యాల నుంచి అమ్మమ్మ వచ్చింది. పొద్దున్నే ఖాళీ బాత్‌టబ్‌లో కాళ్లు చాపుకుని కూర్చుని, తమ్ముణ్ణి కాళ్ల మీద బోర్లా వేసుకుని, నువ్వుల నూనె రుద్ది, వేణ్ణీళ్లు పోసి, ఆ తర్వాత సాంబ్రాణి పొగ పట్టేది. పొగ లేవగానే స్మోక్ అలారం మొత్తుకునేది, నాన్న తువ్వాలు ఊపుతూ దాని కింద గంతులు వేసేవాడు, నేను నవ్వలేక చచ్చేదాన్ని. బేస్‌మెంట్‌లో ఏటా కొత్త స్టూడెంట్లు అద్దెకు దిగుతున్న రోజులవి. గుమ్మంలో మంచు కారుతున్న బూట్ల గుట్ట, శనివారాలు కింది నుంచి బిర్యానీ ఘాటు, కార్పెట్ మీద క్యారమ్స్. అమ్మమ్మ సర్వపిండి కాల్చిందంటే, షిఫ్టు నుంచి వచ్చినవాళ్లు వచ్చినట్టే మెట్లెక్కి పైకి వచ్చేవారు. వాళ్లలో స్వప్నక్క అంటే నాకు ఇష్టం. కాలేజీలో చదువుకుంటూ ఒక పసిపిల్లల డేకేర్‌లో పార్ట్‌టైమ్ చేసేది.

తమ్ముడికి రెండో నెల నిండగానే టీకాలకు రమ్మని క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది. బయట మైనస్ ఇరవై.

"గీ సలిల పసిపోరన్ని బైటికి తీస్తరా? ఎండలు రానియ్యి," అంది అమ్మమ్మ.

ఆమె మాటకు ఎదురు చెప్పడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. అమ్మ అపాయింట్‌మెంట్ వాయిదా వేసింది, ఒకసారి కాదు, రెండుసార్లు. ఉగాది భక్ష్యాలు తిని, మంచు కరిగాక, వాడికి నాలుగు నెలలు దాటాక వెళ్లాం. సూదులు ఇప్పుడు వేసినా ఫర్వాలేదు గానీ, రోటావైరస్ విరేచనాలు రాకుండా నోట్లో వేసే చుక్కల మందు మాత్రం పదిహేను వారాలలోపే మొదలుపెట్టాలని, ఆ వయసు దాటిపోయిందని డాక్టర్ చెప్పింది. పోనీలే, చుక్కలేగా అనుకుని ఇంటికి వచ్చేశాం.

మే నెలలో ఒక రోజు తమ్ముడికి వాంతులు, జ్వరం, నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. "పండ్లొస్తున్నయి, గట్లనే అయితది," అంది అమ్మమ్మ. మర్నాడు మధ్యాహ్నానికి వాడి ఏడుపు సన్నబడింది. తాగిన పాలు తాగినట్టే కక్కేస్తున్నాడు. గిన్నె తిరిగి ఇవ్వడానికి పైకి వచ్చిన స్వప్నక్క వాణ్ణి ఎత్తుకుని చూసింది.

"ఆంటీ, ఏడుస్తుండు గానీ కండ్లల్ల నీళ్లు వస్తలేవు. నోరు ఎండిపోయింది. పొద్దటిసంది ఉచ్చ పోసిండా?"

లేదని అమ్మ తల ఊపింది.

"ఎమర్జెన్సీకి పోదాం, నడువున్రి."

నాన్న ఆఫీసులో ఉన్నాడు. స్వప్నక్కే అమ్మ కారు డ్రైవ్ చేసింది.

ఆసుపత్రిలో నర్సు వాడి చేతికి, తర్వాత పాదానికి సూది గుచ్చింది. నరం దొరకలేదు. అంత గుచ్చినా వాడు ఏడవలేదు. చచ్చిపోతాడనుకుని నేను ఏడ్చాను. మూడోసారికి దొరికింది. సెలైన్ ఎక్కుతుంటే, ఎవరూ అడగకుండానే అమ్మమ్మ అమ్మతో అంది: "తప్పు నాదే బిడ్డా. దవాఖానకు పిలిస్తే నేనే ఆపిన."

అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. అమ్మమ్మ నోట ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి.

పరీక్షలో రోటావైరస్ అనే తేలింది. నాలుగో రోజుకి తమ్ముడు ఇల్లు చేరాడు. ఇప్పుడు హాకీ స్టిక్‌తో గోడలు పాడుచేస్తుంటాడు. ఇదంతా చెబితే "రియల్లీ?" అని వెళ్లిపోతాడు. జగిత్యాల వెళ్లాక అమ్మమ్మ, చుట్టాల్లో ఎక్కడ బిడ్డ పుట్టినా ఫోన్ చేసి, పేరేమిటని గానీ ఎవరి పోలికని గానీ అడగకముందే, "చుక్కల మందు ఏపిచ్చిన్రా?" అని అడిగేది. పుట్టి రెండ్రోజులే అయింది, ఇంకా టైముందమ్మా అని అందరూ నవ్వేవారు.

ఇప్పుడు మా బేస్‌మెంట్‌లో స్టూడెంట్లు లేరు. అమ్మమ్మ పోయి ఏడాదైంది. పోయిన నెల కాల్గరీలో మా పిన్ని కూతురికి పాప పుట్టింది. ఫ్యామిలీ గ్రూపులో బరువెంత, పేరేం పెడుతున్నారు, ఆ ముక్కు ఎవరిది అని రోజంతా మెసేజీలే. రాత్రి పడుకోబోయే ముందు కూడా చూశాను. ఆ ఒక్క మాట ఎవరూ అడగలేదు.

నేనే అడిగాను.